గుండెలో పోటు దిగిన మనిషి, చిన్న ఆసుపత్రి, మొదటి పది నిమిషాలు

రాజోలు వైపు ఒక సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రంలో) కొత్తగా చేరిన డాక్టరమ్మ అడిగిన ప్రశ్న ఇది. కనుమ నాడు సాయంత్రం కోడిపందేల బరి దగ్గర గొడవ జరిగింది. కత్తిపోటు తిన్న 24 ఏళ్ల అబ్బాయిని ఇద్దరు స్నేహితులు బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తెచ్చారు. ఎడమ చనుమొనకు లోపలి పక్కన అంగుళం కూడా లేని గాయం. నెత్తురు పెద్దగా లేదు. తనే నడిచి లోపలికి వచ్చాడు, పేరు చెప్పాడు, మంచినీళ్లు అడిగాడు. బీపీ 90/70, నాడి 130. గాయానికి కుట్లు వేశారు, రెండు లీటర్ల సెలైన్ ఎక్కించారు, ఎక్స్‌రే తీశారు, ఎమ్మెల్సీ (పోలీసు కేసు కోసం రాసే వైద్య కాగితం) రాశారు, రిఫర్ చేశారు. అంతా కలిపి 50 నిమిషాలు పట్టింది. అంబులెన్సు ఎక్కిన కాసేపటికే పోయాడు. "సార్, నేనేం చేసుంటే బతికేవాడు? గుండె చుట్టూ చేరిన నెత్తురు సూదితో తీయవచ్చా? నాడి లేకుండా వచ్చినవాడికి ఏం చేయాలి?" అని అడిగారు.

అమ్మా, నేను 31 ఏళ్లు జనరల్ సర్జన్‌గా పనిచేశాను. ఎక్కువ కాలం కోనసీమలోనే, కొన్నేళ్లు ఏటికి అవతల పశ్చిమగోదావరిలో. ముందుగా ఒక మాట. మీరు చేసిన పనుల్లో నిర్లక్ష్యం ఎక్కడా లేదు. ఛాతీలో పోటు తిన్న మనిషి వస్తే మనకు నేర్పిన వరస అదే. గుండెకు తగిలిన పోటు ఆ వరసకు లొంగదు. ఈ సంగతి నాకూ ఒక ప్రాణం పోయాకే తెలిసింది.

మీరు రాసిన అంకెల్లోనే విషయం ఉంది. 90/70. మనమంతా 90 చూసి కంగారు పడతాం, కింద ఉన్న 70ని పట్టించుకోం. రెండింటికీ తేడా 20. మామూలుగా 40 దాకా ఉండాలి. నెత్తురు కారిపోయినా ఈ తేడా తగ్గుతుంది, నిజమే. కానీ గాయం గుండె ఉన్న చోట ఉండి, బయట నెత్తురు కనిపించకుండా, తేడా ఇలా ముడుచుకుపోయిందంటే ముందుగా అనుమానించాల్సింది ఒకటే. గుండె చుట్టూ ఉన్న సంచిలో నెత్తురు నిండుతోంది. దాన్నే టాంపొనాడ్ అంటాం.

వైద్యం తెలియనివాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను. గుండె పెరికార్డియం అనే గట్టి సంచిలో ఉంటుంది. టీబీలాంటి జబ్బుల్లో నెలల తరబడి మెల్లగా నీరు చేరితే ఆ సంచి సాగుతుంది, లీటరు నీరు కూడా పట్టుకుంటుంది. అదే నెత్తురు ఒక్కసారిగా చేరితే సాగదు. 150, 200 మి.లీ. చాలు, అంటే రెండు చిన్న టీ గ్లాసులంత. గుండె గోడలు బయట నుంచి నొక్కుకుపోయి, ఒంట్లోంచి వచ్చే నెత్తురు లోపలికి దిగదు. చెరువు దగ్గర మోటారు ఆడుతూనే ఉంటుంది, సక్షన్ పైపును ఎవరో తొక్కిపట్టారు, నీళ్లు రావు. అలా అన్నమాట. విచిత్రం ఏమిటంటే మొదట్లో ఆ మనిషిని నిలబెట్టేదీ ఆ సంచే. అది కన్నాన్ని అదిమి ఉంచబట్టే నెత్తురంతా ఛాతీలోకి పోకుండా ఆగుతుంది, మనిషి నడిచి మన దాకా రాగలుగుతాడు. తుపాకీ గుండు తగిలితే సంచికీ పెద్ద కన్నం పడి నెత్తురంతా బయటికి పోతుంది. కత్తిపోటులో సంచికి పడిన సన్నటి చీలిక గడ్డతో మూసుకుపోతుంది. అందుకే కత్తిపోటు తిన్నవాడికి కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధి చూసే మనం మోసపోతాం.

ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ సంగతి దీనికి మంచి ఉదాహరణ. 1898 సెప్టెంబరు 10న జెనీవాలో పడవ ఎక్కబోతుంటే ఒకడు పదును పెట్టిన ఆకురాయితో గుండెల్లో పొడిచాడు. గుద్దాడనే అనుకుంది ఆవిడ. లేచి, నడిచి, పడవ ఎక్కాక పడిపోయింది. బిగుతు దుస్తులు విప్పి చూస్తే చిన్న గోధుమరంగు మరక. ఆకురాయి ఎడమ జఠరికను, అంటే గుండె కింది గదిని, చీల్చుకుపోయింది. మీ అబ్బాయి మంచినీళ్లు అడగడం కూడా అలాంటిదే. నడిచాడు, మాట్లాడాడు అన్నది గుండెకు దెబ్బ తగల్లేదనడానికి రుజువు కాదు.

ఇప్పుడు నా సంగతి. సర్వీసులో చేరిన మూడో ఏడు. నలభై ఏళ్ల మనిషి, పొలం గట్టు దగ్గర తగాదాలో బాకు దిగింది. ఉరోస్థి (ఛాతీ మధ్య ఎముక) పక్కన బొటనవేలి గోరంత గాయం. బల్ల మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. నుదుటి మీద చెమట చుక్కలు కట్టింది. మెడ నరాలు తాళ్లలా పొంగి ఉన్నాయి. అవి నా కళ్ల ముందే ఉన్నాయి, నేను చూడలేదు. ఎక్స్‌రే కోసం వెల్లకిలా పడుకోమన్నాను. "పడుకోలేనండి డాక్టరు గారూ, ఊపిరాడదు" అన్నాడు. "ఒక్క నిమిషం, ఫోటో తీసేస్తారు" అన్నాను. పడుకోబెట్టాం. ఆ ఎక్స్‌రే బల్ల మీదే నాడి పోయింది. ఫిల్ము తర్వాత వచ్చింది, అందులో గుండె మామూలు సైజులోనే ఉంది. అప్పటికప్పుడు నిండిన సంచి ఎక్స్‌రేలో పెద్దగా కనిపించదని ఆ రోజు తెలుసుకున్నాను. అప్పటి నుంచి ఛాతీ గాయంతో వచ్చి "పడుకోలేను" అన్న మనిషిని నేను పడుకోబెట్టలేదు.

క్లాడ్ బెక్ 1935లో చెప్పిన మూడు గుర్తులు మీరు చదివే ఉంటారు. బీపీ పడిపోవడం, మెడ నరాలు పొంగడం, గుండె చప్పుడు మందగించడం. పరీక్షల్లో రాయడానికి బాగుంటాయి. నిజంగా వచ్చే పేషెంట్లలో మూడూ కలిసి కనిపించేది కొద్దిమందిలోనే. ఒంట్లో నెత్తురు తగ్గిపోయి ఉంటే మెడ నరాలు పొంగవు. పండగ రోజు క్యాజువాలిటీలో, బంధువుల ఏడుపుల మధ్య స్టెతస్కోపులో గుండె చప్పుడు ఎలాగూ వినపడదు. కాబట్టి గుర్తుల కోసం చూస్తూ కూర్చోకండి. గాయం ఎక్కడుందో చూడండి. పైన కాలర్ ఎముకలు, కింద పక్కటెముకల అంచు, అటూ ఇటూ చనుమొనలు. ఈ చట్రంలో ఎక్కడ పోటు పడినా, రుజువయ్యేదాకా గుండెకు తగిలిందనే లెక్క. వీపు వైపు పోటు, చంక కింద పోటు, పొట్ట పైభాగంలో పడి పైకి వెళ్లిన పోటు కూడా గుండెను చేరగలవు. ముందువైపు ఉండేది కుడి జఠరిక కాబట్టి ఎక్కువ దెబ్బలు దానికే తగులుతాయి. అది ఒక రకంగా అదృష్టం. దానిలో ఒత్తిడి తక్కువ, కుట్టడం తేలిక.

ఊళ్లో ఉన్నవాళ్ల సంగతి. ఇది మీరు మీ ఏఎన్‌ఎమ్‌లకూ ఆశా కార్యకర్తలకూ చెప్పండి, ఎందుకంటే మన దగ్గరికి రాకముందే సగం కథ అయిపోతుంది.

ఒక లంక ఊళ్లో కొబ్బరి ఒలుపు పనిచేసే మనిషి కాయల రాశి మీద నుంచి జారి, ఒలిచే గునపం మీద పడ్డాడు. నేలలో నిలబెట్టిన ఇనప మొన, మనందరం చూసిందే. గునపం నేలలోంచి ఊడి ఛాతీలో అలాగే ఉండిపోయింది. మనిషి స్పృహలో ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. తమ్ముడు చూడలేక రెండు చేతులతో పట్టుకుని లాగేశాడు. ఆటోలో నా దగ్గరికి వచ్చేసరికి సీటు కింద రబ్బరు చాప మీద నెత్తురు నిలిచి ఉంది. ప్రాణం లేదు. తమ్ముడు అన్నయ్య తలను ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆ తమ్ముణ్ణి తప్పు పట్టలేం. ఎవరికైనా ముందు లాగెయ్యాలనే అనిపిస్తుంది. కానీ దిగిన వస్తువే కన్నానికి బిరడా. కత్తి గానీ, చువ్వ గానీ, గునపం గానీ ఛాతీలో ఉంటే దాన్ని తీయకూడదు, కదపకూడదు. చుట్టూ తువ్వాళ్లు చుట్టి, కదలకుండా దిమ్మలా కట్టి, అలాగే తీసుకురావాలి. పొడవుగా ఉంటే బయట భాగం కోయవచ్చు, అది కూడా లోపలి భాగం అదరకుండా కోయగలిగితేనే. తీయడం ఆపరేషన్ బల్ల మీద, ఛాతీ తెరిచాకే.

మనిషి ఎలా కూర్చుంటే ఊపిరి ఆడుతుందో అలా కూర్చోనివ్వాలి. నీళ్లు, సోడా, టీ ఏమీ తాగించకూడదు. దాహం వేస్తోందని బతిమాలతాడు, పెదాలు తడపండి, అంతే. గాయంలోంచి గాలి బుసబుసమంటుంటే శుభ్రమైన ప్లాస్టిక్ కాగితం ముక్క పెట్టి మూడు వైపులా అంటించి నాలుగో వైపు వదిలెయ్యాలి. ఆ తర్వాత ఆయాసం ఎక్కువైతే ఆ కాగితం ఒకసారి ఎత్తి గాలి పోనివ్వాలి. గాయంలో పసుపు, కాఫీపొడి కుక్కడం ఇప్పటికీ చూస్తున్నాను, దయచేసి వద్దని చెప్పండి. మనిషి స్పృహ తప్పి ఊపిరి ఆగిపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ బండి నడిపించాలి. గుండె గాయంలో దానివల్ల దక్కేది తక్కువే అయినా, ఊళ్లో చేతిలో ఉన్నది అదొక్కటే.

ఇక్కడే ఇంకో సంగతి. సంక్రాంతికి మనవైపు కోడి కత్తి గాయాల్లో ప్రాణాలు తీసేవి ఎక్కువగా తొడ దగ్గర, గజ్జల్లో తెగినవి. అక్కడ చెయ్యాల్సింది దీనికి పూర్తిగా వేరు. తెగిన చోట బట్ట కుక్కి అరచేత్తో బలమంతా పెట్టి నొక్కాలి, ఆసుపత్రి చేరేదాకా చెయ్యి తీయకూడదు. కాలి గాయం నొక్కితే ఆగుతుంది. గుండె గాయం బయట నుంచి ఎంత నొక్కినా ఆగదు. బరి దగ్గర గుమిగూడే వందల మందిలో ఈ తేడా తెలిసినవాళ్లు నలుగురున్నా చాలు.

108కు ఫోన్ చెయ్యాలి. ఆ బండి వచ్చేలోపు కారులో బయల్దేరగలిగితే బయల్దేరి, దారిలో ఎదురు రమ్మని చెప్పాలి. మన నేల సంగతి మీకు కొత్త కాబట్టి చెబుతున్నా. సఖినేటిపల్లి నుంచి నరసాపురం కళ్లెదుటే కనిపిస్తుంది, కానీ మధ్యలో వశిష్ఠ గోదావరి ఉంది, పంటు మీద దాటాలి. రాత్రి పొద్దుపోయాక ఆ దారి నమ్ముకోలేం. చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు చుట్టూ తిరిగి వెళ్లడమే నయం. వరదల్లో కాజ్‌వేలు మునిగితే లంకల నుంచి నాటు పడవే గతి. ఇలాంటప్పుడు రేవు ఇవతల ఒక బండి, అవతల ఒక బండి సిద్ధంగా ఉండాలి. ఒకడు మనిషిని పట్టుకుంటే ఇంకొకడు ఫోన్ పట్టుకోవాలి. ఊరి ఆర్‌ఎంపీ గారి దగ్గర ఆగి ఇంజెక్షన్ చేయించుకోవడం కన్నా, ఆయన్నే బండి ఎక్కించుకుని ఆసుపత్రికి ఫోన్ చేయించడం మంచిది. ఆయనకు మన నంబర్లన్నీ తెలుసు.

ఇక మీ క్యాజువాలిటీ. మీకు నేనిచ్చే గడువు పది నిమిషాలు. ఎందుకంటే గుండె కన్నానికి మందు లేదు. వేలు పెట్టి మూయాలి, సూదితో కుట్టాలి. మిగతా ఏది చేసినా కుట్టే మనిషి దగ్గరికి చేర్చేదాకా ప్రాణం నిలపడానికే. ప్రతి పని చేసేముందు, ఇది ఆ దారిని తగ్గిస్తుందా, పెంచుతుందా అని చూసుకోండి.

లోపలికి రాగానే మొదటి పని ఫోన్. గాయం చూసిన ముప్పై సెకన్లలో రిఫరల్ ఆసుపత్రికి ఫోన్ చేసి "గుండెల్లో కత్తిపోటు, టాంపొనాడ్ అనుమానం, బీపీ ఇంత, ఇన్ని నిమిషాల్లో మీ గుమ్మంలో ఉంటాడు, ఓటీ (ఆపరేషన్ గది) తెరవండి, ఓ గ్రూపు రక్తం దించండి" అని డ్యూటీ సర్జన్‌కే చెప్పాలి. కాగితం మీద రాసి పంపితే అక్కడ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అంబులెన్సును గుమ్మం దగ్గరే ఉంచండి.

సిస్టర్ ఆక్సిజన్ పెడుతుండగా, రెండు చేతులకూ లావుపాటి క్యాన్యులాలు, కుదిరితే గ్రే రంగు సైజువి. బట్టలన్నీ కత్తిరించి వీపు, చంకలు చూడండి. ఒక పోటు చెప్పి రెండో పోటు చెప్పనివాళ్లు ఉంటారు. ట్రాకియా (గాలిగొట్టం) పక్కకు జరిగి, ఒక వైపు ఊపిరి చప్పుడు లేకుండా, కొడితే డొల్లగా మోగుతుంటే అది టెన్షన్ న్యూమోథొరాక్స్, అంటే ఛాతీలో గాలి చిక్కి ఊపిరితిత్తిని నొక్కేయడం. మెడ నరాలు అందులోనూ పొంగుతాయి. దాన్ని అక్కడే, అప్పుడే సూదితో విడిపించాలి. పెద్దవాళ్లలో ఐదో పక్కటెముకల సందులో, చంక మధ్య గీతకు కొంచెం ముందు. తర్వాత ఐసీడీ, అంటే ఛాతీలోకి వేసే గొట్టం. ఎడమ ఛాతీలో నెత్తురు నిండి ఉన్నా ఐసీడీయే. 28 నుంచి 32 సైజు గొట్టం. పెట్టగానే 1500 మి.లీ. వచ్చినా, గంటకు 200 మి.లీ. చొప్పున రెండు నుంచి నాలుగు గంటలు వస్తున్నా ఛాతీ తెరవాల్సిందే.

సెలైన్ దగ్గరే చాలామందిమి పొరపాటు పడతాం. 1994లో హ్యూస్టన్‌లో ఛాతీ, పొట్ట పోట్లు, తుపాకీ గాయాల మీద చేసిన అధ్యయనం వచ్చింది. ఆపరేషన్ దాకా సెలైన్ ఆపినవాళ్లలో 70 శాతం బతికారు, ముందే ధారాళంగా ఎక్కించినవాళ్లలో 62 శాతం. చల్లటి సెలైన్ ఎక్కేకొద్దీ నెత్తురు పలచబడుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, గడ్డ కట్టే గుణం పోతుంది, బీపీ పెరిగి అప్పుడే మూసుకున్న కన్నం మళ్లీ తెరుచుకుంటుంది. టాంపొనాడ్‌లో మాత్రం గుండె నిండడానికి కొంత ద్రవం కావాలి. కాబట్టి 250 మి.లీ. ఇచ్చి చూడండి. మణికట్టు దగ్గర నాడి అందుతూ, మనిషి మాట్లాడుతుంటే, పై బీపీ 80, 90 ఉంటే అక్కడ ఆపేయండి. 120 చెయ్యాలని ప్రయత్నించొద్దు. నెత్తురు కారడం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఒక గ్రాము పది నిమిషాల్లో ఇవ్వండి, దెబ్బ తగిలిన మూడు గంటల్లోపే అది పనికొస్తుంది. దుప్పటి కప్పండి, ఏసీ తీసేయండి.

స్కాన్. మీ గర్భిణుల గదిలో ఉన్న మిషనే ఈ పనికి సరిపోతుంది. ఉరోస్థి చివరి మొన కింద ప్రోబ్ పెట్టి ఎడమ భుజం వైపు చూపిస్తే, గుండె చుట్టూ నల్లటి పట్టీ ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ) చట్టం కింద దాన్ని వాడే డాక్టర్ల పేర్లు నమోదై ఉంటాయి కదా, పండగ మూడు రోజులూ ఆ డాక్టరు, ఆ తాళం ఎక్కడుంటాయో ముందే తెలుసుకోండి. స్కాన్‌లో పట్టీ కనిపించకపోయినా, ఎడమ ఛాతీలో నెత్తురు ఉంటే ధీమాగా ఉండొద్దు. సంచిలోని నెత్తురు ఆ చీలిక ద్వారా ఛాతీలోకి కారిపోతూ ఉండొచ్చు. పేషెంటు క్షీణిస్తుంటే స్కాన్ కోసం కూడా ఆగొద్దు.

సూదితో సంచిలోని నెత్తురు తీయడం గురించి మీరు రెండో ప్రశ్న అడిగారు. నా అభిప్రాయం చెబుతాను. సర్జన్ అందుబాటులో ఉన్న చోట దాని జోలికి పోవద్దు. లోపల ఉన్నది ఎక్కువగా గడ్డకట్టిన నెత్తురు, సూదిలోకి రాదు. పైగా సూది మళ్లీ గుండెకే తగలొచ్చు. కానీ మీ దగ్గరి నుంచి గంట ప్రయాణం ఉండి, నాడి జారిపోతుంటే, స్కాన్‌లో చూసుకుంటూ ప్రయత్నించడం న్యాయమే. ఉరోస్థి మొన కింద, ఎడమ పక్కగా, 45 డిగ్రీల కోణంలో, ఎడమ భుజం వైపు పొడవాటి క్యాన్యులా. 20, 30 మి.లీ. వచ్చినా కొన్నిసార్లు బీపీ లేచి కూర్చుంటుంది. క్యాన్యులా అక్కడే వదిలి త్రీవే (తెరిచి మూసే చిన్న మర) పెట్టి పంపండి, దారిలో మళ్లీ తీయవచ్చు. ఒక్క చుక్క రాకపోయినా టాంపొనాడ్ లేదని అనుకోవద్దు.

మత్తు ఇచ్చి గొట్టం వేసి పంపుదామని కొందరు తాపత్రయపడతారు. ఊపిరి తనంతట తను తీసుకుంటున్నంతసేపు వద్దు. మత్తుతో రక్తనాళాలు వదులవుతాయి, మిషన్‌తో గాలి కొడితే ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది. అసలే నిండని గుండెకు వచ్చే ఆ కాస్త నెత్తురూ ఆగిపోతుంది. చాలామందికి గుండె ఆగేది ఆ నిమిషంలోనే.

ఎమ్మెల్సీ కాగితం గురించి ఒక్క మాటే. చికిత్స ముందు, కాగితం తర్వాత. పరమానంద కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు ఆ మాట తేల్చిచెప్పింది. బంధువులు ఆరోగ్య కార్డు కోసం ఇంటికి పరిగెత్తినా బండి ఆగకూడదు, కార్డు వెనకాల వస్తుంది.

ఎక్కడికి పంపాలి? ఇది అన్నిటికన్నా ముఖ్యం. "గుండె గాయం కాబట్టి గుండె సర్జన్ ఉన్న పెద్ద ఊరికే పంపాలి" అన్న ఆలోచనతో దారిలో పోయినవాళ్లు నాకు తెలుసు. అమలాపురం నుంచి యానాం-ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ, రావులపాలెం మీదుగా రాజమండ్రి, రెండూ 60 కిలోమీటర్లకు అటూ ఇటూ. పండగ ట్రాఫిక్‌లో గంటన్నర. మధ్యలో ఒక జనరల్ సర్జన్, ఒక మత్తు డాక్టరు, తెరిచి ఉన్న ఓటీ, నాలుగు సీసాల రక్తం దొరికే చోటు ఉంటే అక్కడే ఆగండి. గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే హార్ట్ లంగ్ మిషన్ లేకుండానే ఈ గాయాల్లో చాలావాటిని కుట్టేయవచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ 1896 సెప్టెంబరులో 22 ఏళ్ల యువకుడి కుడి జఠరికలో ఒకటిన్నర సెంటీమీటర్ల కన్నాన్ని మూడు సిల్కు కుట్లతో మూశాడు, అతను బతికాడు. 1902లో అమెరికాలో మాంట్‌గోమరీ అనే ఊళ్లో లూథర్ హిల్ 13 ఏళ్ల పిల్లాడి ఎడమ జఠరికను వాళ్లింట్లోనే, వంటింటి బల్ల మీద, కిరసనాయిలు దీపాల వెలుగులో కుట్టాడు. ఆ పిల్లాడూ బతికాడు. మన తాలూకా ఆసుపత్రుల్లో అంతకన్నా మంచి బల్ల ఉంది, మంచి దీపం ఉంది.

నేను కుట్టిన మొదటి గుండె గురించి కూడా చెప్పాలి. ఆగస్టు నెల, గోదావరి పోటు మీద ఉంది, ఏటిగట్టు మీద జనం కాపలా. లంకలో జరిగిన కొట్లాట, 19 ఏళ్ల కుర్రాడు, పడవలో తెచ్చారు. పై బీపీ 70. కూర్చునే ఉన్నాడు, మెడ నరాలు పొంగి ఉన్నాయి. ఈసారి చూశాను. రిఫర్ చేద్దామంటే రోడ్డు మీద నీళ్లు. మత్తు డాక్టరు గారు నాకన్నా పెద్దావిడ. "కూర్చోబెట్టే రంగు పూసెయ్యండి, మీరు కత్తి పట్టుకుని నిలబడ్డాకే నేను మందు ఇస్తాను" అన్నారు. ఆ మాట నేను జీవితాంతం పాటించాను. సగం కూర్చున్న భంగిమలో పొట్ట నుంచి మెడ దాకా బీటాడిన్ పూసి గుడ్డలు కప్పాక, కెటమిన్ మత్తు ఇచ్చారు. బల్ల దించారు. ఎడమ చనుమొన కింద, ఐదో సందులో, ఉరోస్థి అంచు నుంచి చంక దాకా ఒకే కోత. మా దగ్గర పక్కటెముకలు విడదీసే రిబ్ స్ప్రెడర్ లేదు. సిజేరియన్‌కు వాడే రెండు డాయెన్ రిట్రాక్టర్లు పెట్టి ఇద్దరు చెరో వైపు లాగారు.

సంచి కనిపించింది. గట్టిగా, బిర్రుగా, నేరేడుపండు రంగులో. కొట్టుకోవడం లేదు, వణుకుతోంది. ఫ్రెనిక్ నరం పక్కనే తెల్లటి దారంలా వెళుతుంది, దానికి ముందువైపు నిలువుగా కత్తెర పెట్టాను. కాలేయం ముక్కల్లాంటి గడ్డలు చేతిలోకి జారాయి. తీసిన మరుక్షణం గుండె ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు నిండి కొట్టుకోవడం మొదలుపెట్టింది. వెనక నుంచి "నాడి అందుతోంది" అన్నారావిడ. అప్పుడు ఎర్రటి ధార ఎగిరింది. కుడి జఠరిక మీద, చిటికెన వేలు పట్టేంత కన్నం. చూపుడు వేలు ఆనించాను, ఆగిపోయింది. అంతే, వేలు ఆనించడమే, లోపలికి దూర్చకూడదు, కన్నం పెద్దదవుతుంది. ఆ వేలి కింద 3-0 ప్రోలీన్ దారంతో నాలుగు కుట్లు. సంచి నుంచే చిన్న ముక్కలు కత్తిరించి కుట్ల కింద దిండ్లలా పెట్టాను, లేకపోతే దారం కండరాన్ని కోసేస్తుంది. పక్కన కరొనరీ నాళం ఉంటే దాన్ని కట్టేయకుండా, దాని కింద నుంచి కుట్టు పోనివ్వాలి. వేలితో ఆగకపోతే ఫోలీ క్యాథెటర్ (మూత్రానికి వేసే బెలూన్ గొట్టం) దూర్చి బెలూన్ నింపి మెల్లగా ఆనించవచ్చు. రెండో కొన క్లాంప్ చేయడం మరవొద్దు, గట్టిగా లాగొద్దు. ఆ కుర్రాడు పదకొండో రోజున ఇంటికి వెళ్లాడు. అతనికి ఎకో (గుండె స్కాన్) తీయించడానికి కాకినాడ పంపాను. ఇది ప్రతివాళ్లకూ చేయించాలి. బయటి కన్నం కుట్టినా లోపల గోడకో, కవాటానికో పడిన చీలిక తర్వాత బయటపడుతుంది.

నాడి లేకుండా వచ్చినవాడి సంగతి అడిగారు. ఛాతీ నొక్కడం మొదలుపెట్టి 15 నిమిషాలు దాటకపోతే, కళ్లపాపలు వెలుగుకు కదులుతున్నా, ఆఖరి ఊపిరిలాంటిది ఉన్నా, మానిటర్ మీద గీత ఇంకా ఆడుతున్నా, ఛాతీ తెరవగలిగే సర్జన్ పక్కనే ఉంటే అక్కడికక్కడే తెరవాలి. కత్తిపోటుతో గుండె ఆగినవాళ్లలో ఇలా బతికి ఇంటికి వెళ్లినవాళ్లు ఉన్నారు. తెరిచేవాళ్లు లేని చోట రెండు వైపులా ఛాతీకి వేలు పట్టేంత కన్నం చేసి గాలి విడుదల చేయడం, సూదితో సంచి ప్రయత్నించడం వరకే మీరు చేయగలిగింది. అడ్రినలిన్ మీద అడ్రినలిన్ ఇచ్చినా నిండని గుండె లేవదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు. ఆ అబ్బాయి కచ్చితంగా బతికేవాడని నేను చెప్పలేను. పది నిమిషాల్లో బండి ఎక్కించి, ముందే ఫోన్ చేసి, పాలకొల్లు వైపో అమలాపురం వైపో ఓటీ తెరిచి ఉన్న చోటికి కూర్చోబెట్టి పంపి ఉంటే అవకాశం ఉండేది, అదీ మంచి అవకాశమే. ఆ రెండు లీటర్ల సెలైన్, కుట్లు, ఎక్స్‌రే, ఈ మూడూ వదిలేస్తే 40 నిమిషాలు మిగిలేవి.

వచ్చే సంక్రాంతికి ముందు మీరు చేయాల్సింది ఒకటుంది. ఒక ఆదివారం మాంసం కొట్టులో రెండు మేక గుండెలు అడిగి తెప్పించండి. మీ తాలూకా సర్జన్ గారిని టీకి పిలవండి. గుండె లోపల ఫోలీ పెట్టి, బెలూన్‌లో రంగునీళ్లు ఎక్కిస్తూ తీస్తూ ఒకరు కొట్టుకునేలా చేస్తుంటే, కుడి జఠరిక మీద చిన్న గాటు పెట్టి, మీ చూపుడు వేలు ఆనించి చూడండి. వేలి కింద కదులుతున్న కండరానికి కుట్టు ఎలా వేస్తారో ఆయన చేత వేయించుకుని, తర్వాత మీరు వెయ్యండి. మీ సిస్టర్లను కూడా పిలవండి, దారం అందించే చేయి కూడా అలవాటు పడాలి.